మిషనత్తయ్యగారి బొంత

మొన్న మంగళవారం పొద్దున్నే పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి, "మిషనత్తయ్యగారు పోయారండి, తెల్లవారుజామున" అంది. నేను వెంటనే నమ్మలేదు. దుఃఖం వల్ల కాదు, అలవాటు వల్ల. మా పుట్టింటివాళ్ళది మండపేట మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు. ఏ మాటైనా ఇద్దరి నోట వింటే గాని మాకు చెల్లదు. ఎదురింటి ఆవిణ్ణి అడిగాను. ఆవిడా అదే చెప్పింది. అప్పుడు లోపలికి వచ్చి, పాలగిన్నె స్టవ్వు మీద పెట్టి, స్టవ్వు వెలిగించడం మర్చిపోయి దాని ముందే కూర్చుండిపోయాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. రైసుమిల్లు వెనక వీధిలో పెంకుటింటి అరుగు మీద పాత మిషను వేసుకుని వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టేవారు. అమ్మ "వదినగారూ" అని పిలిచేది కాబట్టి నాకు అత్తయ్యగారు, మిషనుంది కాబట్టి మిషనత్తయ్యగారు. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని ఏం అడిగినా "ఊ" అనేవారు. ఆ "ఊ" అవుననో కాదనో సూదులు బయటికి తీసేదాకా తెలిసేది కాదు. మిల్లు నుంచి ఊక ఎగిరొచ్చి గుడ్డల మీద పడుతుంటే విసుక్కోకుండా మిషను బల్ల తుడుచుకుంటూ ఉండేవారు.

దర్జీలంటే అమ్మకి మొదటినుంచీ అనుమానం. మీటరు కొలిచి ఇచ్చిన గుడ్డ వాళ్ళ కత్తెర కిందికి వెళ్ళగానే ముప్పాతిక అవుతుందని ఆవిడ నమ్మకం. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది నన్ను మిషనత్తయ్యగారి దగ్గరికి పంపిస్తూ, "కుట్టు నేర్చుకో. పన్లో పనిగా కాస్త కళ్ళు కూడా తెరిచి ఉంచు" అంది. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గాని, రెండో పనే నాకు ఎక్కువ నచ్చింది.

రెండో రోజే దొరికింది నాకు కావలసింది. మిషను పక్కన గంపలో ఒక బొంత. మనం మామూలుగా పాత చీరలు మడతపెట్టి కుట్టుకునే బొంత కాదది. తపాలా బిళ్ళంతేసి చదరపు ముక్కలు, వందలకొద్దీ, ఒక్కో రంగు ఒక్కో ఇంటిది. పువ్వుల వాయిల్, గళ్ళ పాప్లిన్, రూబియా. ఆవిడ దాన్ని దాచనైనా దాచలేదు. దాచకపోవడం కూడా ఒక ఎత్తే అనుకున్నాను నేను. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి లోపలికి వెళ్ళగానే బొంత విప్పి ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్ళాను. అయిదో వరసలో మా అమ్మ వంకాయరంగు జాకెట్టు కనిపించింది. కొట్లో ఆ తాను నేనే కొలిచాను, పొరపాటు పడే మాటే లేదు.

సాయంత్రం అమ్మకి చెప్పాను. మర్నాడు పొద్దున అమ్మ నేరుగా అరుగెక్కేసింది. అప్పటికే అక్కడ నలుగురు ఆడవాళ్ళున్నారు.

"మా గుడ్డ మీ బొంతలోకి ఎలా వచ్చింది వదినగారూ?"

ఆవిడ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చారు. "చంక దగ్గర తీసిందండి. పారేసే ముక్కే."

"పారేసేదైతే మేమే పారేసుకుంటాం కదా. అడగాలా వద్దా?"

"అడగాలండి" అన్నారు ఆవిడ. అంతే. ఇంకొక్క మాట అని ఉంటే అమ్మ పోట్లాడి ఊరుకునేది. అనలేదు కాబట్టి అది నిజమైపోయింది. వారం తిరిగేసరికి సగం వీధి జాకెట్లు బజార్లో దర్జీకి వెళ్ళిపోయాయి. ఆవిడకి మొగుడు లేడు, పొలం లేదు, ఉన్నదల్లా ఆ మిషనూ, దాని మీద నమ్మకంతో గుడ్డ తెచ్చిచ్చే మనుషులూను.

నన్ను వెళ్ళగొడతారనుకున్నాను. వెళ్ళగొట్టలేదు. "నేర్చుకోడానికి వచ్చావా అమ్మాయ్, చూసి వెళ్ళడానికి వచ్చావా?" అని అడిగారు.

"నేర్చుకోడానికేనండి" అన్నాను, తల వంచుకుని.

"అయితే ఇవి అతుకు" అంటూ గుప్పెడు ముక్కలు నా ఒళ్ళో పోశారు.

అతకడమే కదా అనుకున్నాను. నాలుగేసి ముక్కలు వరసగా కుట్టి, ఆ వరసలు ఒకదానికొకటి కలిపితే, నలుచదరంగా రావలసింది ఒక పక్కకి ఒరిగిపోయింది. మూలలు ఒకదానికొకటి అందలేదు. ఆవిడ చూసి, కోప్పడకుండా బ్లేడు నా చేతికిచ్చి విప్పమన్నారు. విప్పాను, మళ్ళీ కుట్టాను, మళ్ళీ విప్పాను. అలా ఎన్నిసార్లో. "ఒక్క ముక్కలో నూలుపోగంత తేడా వస్తే పది ముక్కలయ్యేసరికి వేలెడంత అవుతుంది. తప్పు పదో ముక్కలో వెతక్కు, మొదటిదాంట్లో వెతుకు" అనేవారు. నెమ్మదిగా దారి దొరికింది. డబ్బారేకు బిళ్ళ ఒకటి అచ్చుగా పెట్టుకుని అన్నీ ఒకే కొలతకి కత్తిరించాలి. ముందు జంటలు కుట్టాలి, జంటని జంటతో కలిపి నాలుగు చెయ్యాలి. ఒక జంట కుట్టు అంచు ఎడమకి మడిస్తే, రెండోదానిది కుడికి మడిచి బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో నొక్కాలి. అప్పుడే నాలుగు మూలలూ మధ్యలో ఒక్కచోట కలుస్తాయి. మొదటిసారి కలిసినప్పుడు నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆవిడ మాత్రం వేలితో తడిమి చూసి "ఊ" అన్నారు.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒకరోజు అడిగాను, "ఇంత చిన్న ముక్కలెందుకండీ అత్తయ్యగారూ? కాస్త పెద్దవైతే ఈపాటికి బొంత అయిపోయేది కదా" అని. జవాబుకి బదులు అప్పుడే కత్తిరించిన ఒక జాకెట్టులో మిగిలినవన్నీ నా ముందు పెట్టారు. "ఇందులో నువ్వు పెద్దది తియ్యి" అన్నారు.

మెడ దగ్గర వచ్చిన ముక్క మెడపట్టీకి పోయింది. అంచున మిగిలింది హుక్కుల పట్టీకి పోయింది. చివరికి చంక దగ్గర గుండ్రంగా తీసిన రెండు నెలవంకలు మిగిలాయి. రేకు బిళ్ళని అటు తిప్పి, ఇటు తిప్పి వాటి మీద పెట్టి చూశాను. ఆ బిళ్ళ కన్నా గింజంత పెద్దది కూడా వాటిలోంచి రాదు. ముక్క కొలత ఆవిడ పెట్టుకున్నది కాదు. పారేసే గుడ్డ పెట్టింది.

గుడ్డ కాజేసే మనిషికి తపాలా బిళ్ళంత ముక్కలతో పనేమిటండీ? అరచేతంత ముక్కలతో మూడు నెలల్లో కుట్టి పారేసేది. ఈ సంగతి మీకు ఎప్పుడో తట్టి ఉంటుంది. బట్టల కొట్టులో పుట్టి పెరిగిన నాకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ రోజే ఇంటికి పరుగెత్తి, అమ్మ ముందు కూర్చుని ఒక జాకెట్టు గుడ్డ కత్తిరించి చూపించాను. "నీకూ బాగానే నేర్పిందన్నమాట" అంది అమ్మ మొదట. తరవాత తనే టేపు తెచ్చి కొలిచింది. రెండుసార్లు కొలిచింది. మర్నాడు రెండు కొత్త జాకెట్టు ముక్కలు నాకిచ్చి మిషనత్తయ్యగారికి పంపింది. క్షమించమనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. నాకూ చేతకాలేదు. గుడ్డ మోసింది నేనే కదా అని సరిపెట్టుకున్నాను.

అమ్మ పంపింది కాబట్టి వీధి కూడా మళ్ళీ వచ్చింది. ఆవిడ మాత్రం ఒక ముక్కాలిపీట తెచ్చి మిషను పక్కన వేశారు. గుడ్డ తెచ్చిన ప్రతి మనిషినీ, "కూర్చోండి, చూడండి" అని కూర్చోబెట్టి వాళ్ళ కళ్ళముందే కత్తిరించేవారు. చంక దగ్గర నెలవంకలతో సహా ఆఖరి పోగు వరకూ పొట్లం కట్టి చేతికిచ్చేవారు. అమ్మకిచ్చినప్పుడు రెండు చేతులా ఇచ్చేవారు.

"బొంత పూర్తి చెయ్యరా అత్తయ్యగారూ?" అని అడిగాను ఒకసారి.

"గుడ్డేదమ్మా?"

"కొట్లో శాంపిల్ ముక్కలున్నాయి, తెస్తానండి."

"వద్దమ్మా. అవెక్కడివని అడుగుతారు" అన్నారు. ఎత్తిపొడుపు కాదది. మామూలుగానే అన్నారు, అందుకే ఈనాటికీ గుచ్చుకుంటూ ఉంటుంది.

పెళ్ళయి నేను నాలుగు వీధుల అవతలికి వచ్చాను. పిల్లల గౌన్లు నేనే కుట్టుకుంటాను. మూలలు కలవకపోతే మొదటి ముక్క దగ్గరికే వెళ్ళి వెతుకుతాను. మనుషుల విషయంలో కూడా తొందరపడి ఒక మాట అనబోయి ఆగినప్పుడల్లా ఆవిడే గుర్తొస్తారు. అనుమానం నన్ను వదిలిందని చెప్పను. ఇప్పుడు ముందు నన్ను నేను కొలుచుకుంటున్నాను. ఆ మాత్రం బుద్ధి ఆవిడ పెట్టిందే.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి అరుగు మీద పడుకోబెట్టారు. మంచు ఇంకా విడలేదు. ఎవరు తీశారో ఆ బొంత తీసి కప్పారు. చుట్టూ చేరిన ఆడవాళ్ళు, "ఎంత నిజాయితీ గల మనిషండీ, ఒక్క పేలిక కూడా ఉంచుకునేవారు కాదు" అని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. అమ్మ అప్పటికే వచ్చి ఉంది. ఆ మాట వినలేక నేను తల తిప్పేసుకున్నాను. అమ్మ తిప్పుకోలేదు. వంగి, బయట ఉన్న పాదాల మీదికి బొంత లాగింది. భుజాలు బయటపడ్డాయి. మళ్ళీ పైకి లాగింది. పాదాలు బయటపడ్డాయి. ఎటు లాగినా చాలని ఆ బొంత అంచు పట్టుకుని, అందరూ చూస్తుండగా, అమ్మ అలాగే వంగి ఉండిపోయింది.