వెచ్చటి నీళ్ళ కబురు

మా వియ్యంకుడు గారు సోమవారం తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ముందురోజే మా అమ్మాయికి, అంటే ఆయన కోడలికి, ఆడపిల్ల పుట్టింది. ఇంటికి వచ్చినవాళ్ళు ముందు దేనికి పలకరించాలో తెలియక గుమ్మంలో ఆగిపోతున్నారు. నాకూ తెలియడం లేదండీ. తాతనయ్యానన్న సంతోషం పట్టలేనంత ఉంది. దాని పక్కనే ఒళ్ళంతా మొద్దుబారి ఉంది. ఏడుపు మాత్రం రావడం లేదు.

నేను ఏడో తరగతి చదివిన పత్తి రైతును. మాది ప్రత్తిపాడు దగ్గర. ఆయనది సింగరాయకొండ అవతల సముద్రపు ఒడ్డు, సొంత పడవ. ఎంత మంచి మనిషో ఎన్ని మాటల్లో చెప్పినా తరగదు. ఫోన్ చేస్తే బాగున్నారా అనేవారు కాదు, "ఇవాళ నీళ్ళు వెచ్చగా ఉన్నాయి బావగారూ" అనేవారు. సముద్రంలోనూ కాలవలు పారతాయని నాకు ఆయనే చెప్పారు.

"వెచ్చటి నీరు ఒడ్డుకొచ్చిందా, చేప అడుక్కి పోద్ది, మబ్బు పైకి లేచుద్ది. ముందు మాకు ఖాళీ వల, తర్వాత మీకు వాన."

నిరుడు కార్తీకంలో పత్తి రేపే తీయించమన్నారు. చేను సగమే విచ్చింది. నాలుగు రోజులాగితే అంతా ఒకేసారి తీయొచ్చని నా ఆశ.

"ఆకాశం అద్దంలా ఉంది. మీ వలలో చేప పడకపోతే నా పత్తి తీయాలా బావగారూ?" అన్నాను.

"పడలేదు కాబట్టే చెప్తున్నా" అని నవ్వారు.

మూడోరోజు పట్టిన వాన ముసురై కూర్చుంది. కాయల్లోనే గింజలు మొలకెత్తాయి. వాన వెలిసిన రోజు ఆయన బస్సు దిగి, చెప్పులు గట్టున వదిలి, నాతోపాటు నల్లబడ్డ పత్తి ఏరారు. చెప్పానుగా అని ఒక్క మాట అనలేదు. పొద్దుగూకాక మాత్రం, "మా చేపను తరిమిందీ మీ పత్తిని తడిపిందీ ఒకటే నీరు. పిల్లల పెళ్ళి కాకముందు నుంచే మనం చుట్టాలం" అన్నారు.

మొన్న ఆదివారం మనవరాలి కబురు చెప్పడానికి ఫోన్ చేశాను. అప్పుడే పడవ దిగారట.

"ముక్కు ఎవరిది?"

"మీదే బావగారూ."

"పాపం పిల్ల" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. పెట్టేసేముందు, "నీళ్ళు బాగా వెచ్చగా ఉన్నాయి. ఈసారన్నా మాట వినండి" అన్నారు.

ఆయన్ని సాగనంపి వచ్చిన మర్నాడే కూలీలను పిలిచాను.

"సగం కాయ విచ్చనే లేదు. ఏం తొందర బాబాయ్?" అంది పత్తి తీసే ఆవిడ.

"మా బావగారు చెప్పారమ్మా" అన్నాను. ఆమె ఒడి కట్టుకుని చేలోకి దిగింది.

తీసిన పత్తంతా ఇప్పుడు ముందుగదిలో కప్పుదాకా ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని తూర్పుకేసి చూస్తూ కూర్చున్నాను.