వేపచెట్టు ఎండ, నా లైట్ మీటరు

ఆ రోజుల్లో బీఎస్సీల చేరిన ఆడపిల్లంటే ఇంట్ల సగం సైంటిస్టే (తక్కిన సగం అంట్లు తోముతుండె). బాటనీ పుస్తకం సగం గూడ చదవకముందే మా మాదన్నపేట గల్లీల ఏ మొక్క వాడినా నన్నే పిలుస్తుండిరి. నేను గూడ ముఖం గంభీరంగ పెట్టి పోతుంటి. గట్ల ఉండంగ, నేను ఖాలా (అంటే పిన్ని) అని పిలిచే పక్కింటామెకు, మా అమ్మకు లొల్లి మొదలైంది. ఖాలా వేపచెట్టు కొమ్మ గోడ దాటి మా వాకిలంత కమ్మేసింది. అమ్మ పెట్టిన వడియాలు మూడొద్దులైనా ఎండక బూజు పట్టినయి. "ఆ కొమ్మ కొట్టించు" అని అమ్మ. "బిడ్డ లెక్క పెంచిన చెట్టు, కొట్టనియ్య" అని ఖాలా. పదేండ్ల సోపతి, వారం రోజులు మాటల్లేవు. గోడ మీదికెల్లి కూర గిన్నెలు వచ్చుడు బందైంది. ఖాలా బగారా బైంగన్ లేక నా ప్రాణం పోతున్నది (శాంతి కోసమే నడుమల దూరిన అని అప్పుడు అందరికి చెప్పిన).

పత్తర్‌గట్టిల ఫొటో స్టూడియోల పనిచేసే మా బావను బతిమాలి, వెలుతురు ఎంతుందో ముల్లు తిప్పి చూపే లైట్ మీటరు తెచ్చిన. ఓసారి ఎండల, ఓసారి చెట్టు కింద పెట్టి చూసి తీర్పు చెప్పిన: "ఎండను తాగేది ఆకులే. కొమ్మ కొట్టద్దు, ఆకులు దూస్తె చాలు. ఆకులు మళ్ల వస్తయి." ఖాలా ఒప్పుకున్నది, దూసిన ఆకులు తినే ఆమె మేక అంతకన్న ముందే ఒప్పుకున్నది.

ఆదివారం పొద్దున లంగా ఎగజెక్కి చెట్టెక్కిన. మధ్యాహ్నం దాక దూసి దూసి కొమ్మను బోడిగ చేసిన. "అమ్మా, ఇగ చూడు ముల్లు!" అని పైకెల్లి ఒర్లిన. అమ్మ వడియాల పక్కన మీటరు పట్టుకొని చూసింది.

"ముల్లు జరంత జరిగి, మళ్ల ఆడనే కూసున్నదే!"

కిందికి చూస్తె వాకిలి నిండ కొమ్మ నీడ, రెమ్మల నీడ, పై కొమ్మల ఆకుల నీడ, నడుమల నా నీడ. కట్టె గూడ ఎండను మింగుతదని నేను చదివిన సగంల లేకుండె.

"బేటీ, చెట్టు కంటె నువ్వే ఎక్కువ అడ్డమున్నవు!" అన్నది ఖాలా. అమ్మ ఆపుకోలేక పకపక నవ్వింది. ఆ నవ్వులనే ఖాలా, "మా మిద్దె మీద మస్తు ఎండ. వడియాలు ఆడ పెట్టుకో అక్కా" అన్నది.

"ముందే చెప్తె ఏమైతుండె?" అన్నది అమ్మ.

"నువ్వు ఎండ అడిగినవా? కొమ్మ అడిగినవు!"

ఇద్దరు వడియాలు పెట్టిన చీరను చెరో దిక్కు పట్టుకొని, వారం రోజుల ముచ్చట్లు ఒక్కసారే చెప్పుకుంట మిద్దె ఎక్కిండ్రు. చెట్టు మీద నేనున్న సంగతే మరిచిండ్రు.

తర్వాత చానా ఏండ్లు పిల్లలకు బాటనీ చెప్పిన. అడవిల ఆకు ఎంత ఎండ తాగుతది, కొమ్మ ఎంత మింగుతది, నేలకు ఎంత మిగులుతది అని బోర్డు మీద బొమ్మ గీస్తుంటె, కొమ్మ మీద కాళ్లూపుకుంట కూసున్న ఆ పిల్ల యాదికొస్తుండె. ఇప్పుడు నేను ఏది చెప్పాలన్నా పదిసార్లు సోంచాయిస్త. ఆ పిల్ల మాత్రం తప్పును గూడ ఎంత ధైర్యంగ చెప్పిందో!