తలుపు మీది సుద్ద రాత

నిన్న ఇక్కడ జర్మనీలో, ఎర్లాంగెన్‌లో, మా పాప వెళ్ళే కీటాలో, అదే చిన్నపిల్లల బడిలో, కథల రోజు. ఒక చైనా తల్లి వచ్చి వాళ్ళ వైపు కథ చెప్పింది. ఇక్కడి పిల్లలందరికీ తెలిసిన తోడేలు కథ లాంటిదే, కాకపోతే తోడేలు బదులు పులి. "మీ నాయనమ్మని, తలుపు తియ్యండి" అని గొంతు మార్చి పిలుస్తుంది. పిల్లలు తీస్తారు. లోపలికొచ్చి కూర్చుని ఏదో కరకరా నములుతుంది. పిల్లలంతా కిలకిలా నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"ఓ స్త్రీ రేపు రా" గుర్తుందా మీకు? దయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, అది చదివి వెళ్ళిపోతుందని వీధి వీధంతా తలుపుల మీద రాసుకున్నాం. మా తలుపు మీద నాయనమ్మ నా చేతే రాయించింది. అప్పటికి అమ్మని ఇంట్లోంచి గెంటేసి నెల.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

"చిన్నీ, నేనే తల్లీ, తలుపు తియ్యి."

"అది మీ అమ్మ కాదు, మీ అమ్మ గొంతు" అంది నాయనమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.

నేను గడియ పట్టుకుని "రేపు రా" అన్నాను. మర్నాడూ వచ్చింది. మళ్ళీ అదే అన్నాను.

ఫ్యామిలీ గ్రూపులో నాయనమ్మ ఫోటోకి దండలేసి దేవత అని రాసేవాళ్ళు నన్ను ట్యాగ్ చెయ్యకండి. మూడో రోజు అమ్మ రాలేదు. మళ్ళీ చూసేసరికి నాకు ఇరవై ఏళ్ళు.

"చూశావా, దయ్యం వదిలింది" అంది నాయనమ్మ ఆ మూడో రోజు సాయంత్రం, కరకరా వక్క నములుతూ.