మినుము చేలో సీతాకోకచిలుకలు

నా ఫోన్‌లో కొన్ని సీతాకోకచిలుకల ఫొటోలున్నాయి. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

పోయిన పుష్యమాసంలో మోపిదేవి వెళ్ళి, మర్నాడు పొద్దున్నే అద్దె బండి మీద కోడూరు బయల్దేరాను. మాది ఆదిలాబాద్. ఇక్కడా అంత చలి ఉంటుందనుకుని తెచ్చుకున్న స్వెట్టర్ సంచిలోంచి బయటికే రాలేదు. ఏడింటికల్లా రోడ్డు పక్క మినుము చేలో పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపులుగా ఎగురుతున్నాయి. చలికాలంలో అన్నిటిని నేనెప్పుడూ చూడలేదు. బండి ఆపి సంబరంగా ఫొటోలు తీశాను.

గట్టు మీద ఒక పెద్దావిడ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంత బాగున్నాయో కదండీ," అన్నాను.

"మంచు కురిస్తే ఇంత పొద్దున్నే ఇవి రావండి," అందావిడ. "వరి కోయకముందే మినుములు చల్లేస్తాం. తర్వాత నీళ్ళు పెట్టం. మంచుకే పండాలి. ఈ ఏడు మంచే లేదు."

మంచుతో పండే పంట ఒకటుందని నాకప్పటిదాకా తెలియదు. సిగ్గేసి ఫోన్ జేబులో పెట్టేశాను. చెప్పులెందుకు విప్పారని అడిగాను.

"మా ఆయన రోజూ తెల్లారేసరికి వట్టికాళ్ళతో చేలో తిరిగొచ్చేవారండి. మోకాళ్ళదాకా తడిస్తే ఇక పంటకి ఢోకా లేదనేవారు. దసరా ముందు పోయారు. ఇప్పుడు నేనొచ్చి చూస్తున్నా."

ఆవిడ తన పాదాల వంక చూసుకుంది. దుమ్మే తప్ప తడి లేదు.

"ఆ తడికాళ్ళతోనే ఇంట్లోకొచ్చేసేవారు. గచ్చంతా పాడుచేస్తున్నారని రోజూ విసుక్కునేదాన్నండి," అంది.