పాదగయలో అత్తయ్య వదిలేసిన మాట

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా మనవరాలు, చిన్నమ్మాయి కూతురు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో, మనసు బాగోలేనివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే ఉద్యోగం దానిది. మొన్న ఆదివారం కడియం మీదుగా వస్తూ ఒక విరజాజి మొక్క కొనుక్కొచ్చి, చెప్పాపెట్టకుండా వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి, నేను పొయ్యి దగ్గర నిలబడి, నిరుడు కాలం చేసిన మా వారితో, ఈ మామిడికాయ మరీ పుల్లగా ఉందండీ, పప్పులో సగమే వేస్తున్నాను అని చెప్పుకుంటున్నాను. గుమ్మంలో దాన్ని చూసి గబుక్కున నోరు మూసుకున్నాను. అది నవ్వలేదు, జాలిపడనూ లేదు. మొక్క గట్టు మీద పెట్టి, "ఆపేశావేం అమ్మమ్మా? తాతయ్యేమన్నారు?" అంది.

అన్నాలు తిన్నాక అది నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. మనసు గురించి చదివేవాళ్లు ఈమధ్య కాలంలో, అయినవాళ్లను పోగొట్టుకున్నవారిని కూర్చోబెట్టి అడుగుతున్నారట. పోయినవారితో మాట్లాడడం, వారి గొంతు వినబడినట్టుండడం, పక్కనే ఉన్నారనిపించడం చాలామందికి ఉండేదేనట, దాన్ని పట్టుకుని జబ్బనకూడదట. బంధం తెంచుకుంటేనే గానీ దుఃఖం తీరదని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవారట, ఇప్పుడు అలా అనుకోవడం లేదట. ఎంతకాలమైనా దుఃఖం మనిషిని లేవనివ్వక, తిండీ నిద్రా పనీ అన్నీ చెడిపోతుంటే మాత్రం దానికి వేరే పేరుందట, వైద్యమూ ఉందట, సిగ్గుపడకుండా చూపించుకోవాలట. అది చెప్పుకుపోతుంటే నేను తల ఊపుతూనే ఉన్నాను కానీ, నా మనసు ఎప్పుడో మండపేటలో, మా మేనత్తగారి గోనెసంచుల కొట్లోకి వెళ్లిపోయింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బియ్యమంటే గోనెసంచే. మిల్లులున్న ఊళ్లో సంచుల కొట్టుకు తీరికెక్కడిది? కొట్టంతా జనపనార వాసన, ఊకధూళి వాసన, ఈనాటికీ ఎక్కడైనా ఒక పాత గోతాం దులిపితే చాలు, నాకు మామయ్య దగ్గుతున్నట్టే ఉంటుంది. చిన్నతనంలో పెద్ద జబ్బు చేసి కాళ్లు సన్నబడి నేను బడికి వెళ్లలేకపోతే, పిల్లల్లేని అత్తయ్యా మామయ్యా నన్ను తెచ్చి తమ దగ్గర పెట్టుకున్నారు. నాకు అక్షరాలు వచ్చింది ఆ కొట్లోనే, సంచుల మీద నీలిరంగుతో అచ్చువేసిన మిల్లుల పేర్లు మామయ్య వేలు పెట్టి చూపిస్తుంటే. ఏ పలకా ఎరగని నాకు ఆ చదువిచ్చిన దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉంటాను. మామయ్య సంచిని రెండు చేతులా ఎత్తి వెలుతురుకు పట్టి చిల్లులు వెతికేవారు, అత్తయ్య పక్కన కూర్చుని దబ్బనంలో పురికొస ఎక్కించి ఆ చిల్లులు కుట్టేది. ఆ చూపుకూ ఈ కుట్టుకూ మధ్య వాళ్లిద్దరి సంసారమంతా మాటల్లోనే గడిచేది.

మామయ్య గుండె నొప్పితో హఠాత్తుగా పోయారు. కర్మలన్నీ అయ్యాక అత్తయ్య మళ్లీ కొట్టు తెరిచింది, గల్లాపెట్టె పక్కన ఆయన కూర్చునే చెక్కపీట మాత్రం కదపనివ్వలేదు. సంచిని తనే వెలుతురుకు పట్టేది, పట్టి, ఆ పీట వైపు తిరిగి, ఏమండీ, ఇది కుట్టనా, పక్కన పడెయ్యనా అని అడిగేది. ఒక క్షణం ఆగేది. తర్వాత సరేనని తలూపి పని చేసుకునేది. వంట దగ్గరా అంతే, పెరట్లో బట్టలారేసేటప్పుడూ అంతే. అంతకుమించి ఆవిడలో మార్పేమీ లేదు, కడుపు నిండా తినేది, నా తల దువ్వేది, సాయంత్రం విష్ణుసహస్రనామం తప్పేది కాదు. కొట్టుకు వచ్చేవాళ్లకు ఇదేమీ ఎబ్బెట్టుగా ఉండేది కాదు. ఒక మిల్లు మేస్త్రీ ఉండేవాడు, సంచులన్నీ విప్పి ఎండలో పరిచి చూపించమని పేచీ పెట్టేవాడు. అత్తయ్య ఆ సంగతి పీటకు విన్నవించేది.

"ఏమంటున్నారమ్మా అయ్యగారు?"

"ఒప్పుకోవట్లేదు నాయనా."

"ఆయన ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడొప్పుకున్నారు లెండి," అని అతను నవ్వుకుంటూ సంచులు బండికెత్తించుకునేవాడు.

ఈ సంగతి మెల్లగా మా పెదనాన్న చెవిన పడింది. అత్తయ్యకు ఒక్కగానొక్క అన్న ఆయన. మంచి మనిషి, చెల్లెలంటే ప్రాణం, అది ముందే చెబుతున్నాను. లోకం మతి చలించిందంటుందన్న భయం కొంత ఉన్నా, ఇది ఇలా పిలుస్తూంటే బావగారి ఆత్మ గుమ్మం దాటి ఎలా కదులుతుందన్న దిగులే ఆయనకు ఎక్కువ. అందుకని ఆబ్దికానికి ముందు అందరినీ బస్సెక్కించి పిఠాపురం తీసుకెళ్లారు. పాదగయలో మామయ్య తరఫు పాలివారబ్బాయి చేత పిండాలు పెట్టించారు. కుక్కుటేశ్వరుడి దర్శనమైంది, పురుహూతికమ్మకు కుంకుమపూజ అయింది. గయకు పోతే ఇష్టమైనదేదో ఒకటి వదిలేసి రావాలి కదా, మావాళ్లు పాదగయలోనూ ఆ నియమం పాటించేవారు. పెదనాన్న కాకరకాయ వదిలేశారు. పుట్టినప్పటినుంచీ ఆ కాయ నోట పెట్టని మనిషి దాన్నే వదిలేశారని మా పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, మేమూ నవ్వాం. అత్తయ్య సీతాఫలం వదిలేస్తానంది. నిజంగా ఆవిడకు ప్రాణమైన పండది.

పెదనాన్న ఒప్పుకోలేదు. పండు కాదమ్మా, బావగారితో ఆ మాట్లాడడం వదిలెయ్యి, ఆయనకు దారి ఇవ్వు అన్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అత్తయ్య పుష్కరిణి మెట్టు మీద నిలబడి, చేతిలో నువ్వులతో నీళ్ల వైపు చాలాసేపు చూసింది. ఎదురుచెప్పే స్వభావం కాదు ఆవిడది, పైగా అడిగింది మామయ్య సద్గతి కోసం. నీళ్లు వదిలేసింది.

దేవుడి ముందు అన్న మాట తప్పే ఇల్లు కాదు మాది. ఊరు చేరిన మర్నాడు మేస్త్రీ వచ్చి, అలవాటు కొద్దీ, అయ్యగారేమంటారమ్మా అన్నాడు. అత్తయ్య పీట వైపు తిరిగింది, పెదవులు విచ్చుకున్నాయి, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు కొంగు నోటికి నొక్కుకుని ఇటు తిరిగిపోయింది. అతను మరెప్పుడూ అడగలేదు. మామయ్యతో మాట మానేసిన మనిషి మెల్లగా మాతోనూ మానేసింది. పళ్లెంలో అన్నం కెలికి లేచేది. సంచి వెలుతురుకు పట్టి, చిల్లు కనిపిస్తున్నా, కుట్టాలో పడెయ్యాలో తేల్చుకోలేక అలాగే పట్టుకు నిలబడేది. ఇప్పటికి దారిన పడిందని పెద్దవాళ్లు తృప్తిపడ్డారు. నోరు మెదపకపోతే నిమ్మళించిందని అనుకునే రోజులవి.

ఒకనాడు నా తల దువ్వుతూ, ఎన్నాళ్లకో నోరు విప్పి, "అమ్మడూ, వదిలేసిన పండు కలలో తింటే దోషమా?" అని అడిగింది.

నాకేం తెలుసు, సీతాఫలం గురించే అనుకున్నాను. కలలో తిన్నదానికి దోషమేంటత్తయ్యా, అది దేవుడు పెట్టింది కదా అన్నాను. ఆ మాట నా నోట ఏ అమ్మవారు పలికించిందో గానీ, ఆ తల్లికి ఈనాటికీ నేను రుణపడి ఉన్నాను. అత్తయ్య దువ్వెన పక్కన పెట్టి, నా నెత్తి మీద చెయ్యి వేసింది. అప్పటినుంచీ మధ్యాహ్నం కొట్టు మూశాక చాప వేసుకుని ఎంతో ఇష్టంగా పడుకునేది. ఆవిడ అడిగింది సీతాఫలం గురించి కాదని, పుష్కరిణిలో వదిలేసిన మాట గురించని నాకు తట్టేసరికి ఆవిడ లేదు.

చిక్కి సగమైన ఒంటికి టైఫాయిడ్ తగిలి, అది తిరగబెట్టింది. పెదనాన్న మంచం పక్కనే కూర్చున్నారు. జ్వరం తీవ్రతలో అత్తయ్య పలవరించడం మొదలుపెట్టింది, ఏమండీ, ఈ సంచి చూడండి, వెలుతురుకు పట్టండి అని, ఆగి, ఆలకించి, సరే అని. మూసిపెట్టిన మాటలన్నీ ఆ మధ్యాహ్నమే వచ్చేశాయి. పెదనాన్న వింటూ వింటూ ఆవిడ చెయ్యి పట్టుకుని, "మాట్లాడుకో అమ్మా, నేను వదిలించింది నేనే తిరిగి ఇచ్చేస్తున్నా," అన్నారు. ఆవిడకు వినబడిందో లేదో నాకు తెలియదు. ఆయనను నేనెన్నడూ తప్పుపట్టలేదు. ఆయనకున్న ప్రేమంతా అదే, తెలిసిన దారీ అదొక్కటే.

ఇప్పుడు మండపేటలో బియ్యం ప్లాస్టిక్ సంచుల్లో వెళుతున్నాయి, చిల్లుపడితే కుట్టే పనే లేదు, పారేస్తారు. పోయినవాళ్ల గురించి మాట్లాడడానికి ఆసుపత్రిలో ఒక గదీ, అందులో ఓపికగా వినే మా మనవరాలిలాంటి పిల్లలూ ఉన్నారు. నేను మా వారితో వంటింట్లో గట్టిగానే మాట్లాడుకుంటున్నాను, విరజాజి చిగురు వేసిన సంగతి కూడా చెప్పాను. ఇంత చల్లని కాలం చూపించినందుకు భగవంతుడికి కోటి దణ్ణాలు. కానీ దణ్ణం పెట్టిన ప్రతిసారీ, కొంగు నోటికి నొక్కుకుని ఇటు తిరిగిన ఆ ముఖమే కళ్లముందుకొస్తుంది. పోయినవారితో మాట్లాడుకోవచ్చన్న ఈ ఒక్క మాట ఆనాడు చెప్పేవాళ్లెవరూ లేకపోయారు.

అత్తయ్యకు తిలోదకాలు వదిలే బిడ్డలు లేరు. మీలో ఎవరైనా పాదగయ వెళ్లి మీవాళ్ల పేరున నీళ్లు వదిలేటప్పుడు, పేరు తెలియకపోయినా ఫరవాలేదు, మండపేట గోనెసంచుల కొట్టు అత్తయ్య అని మనసులో అనుకుని, ఆవిడకూ ఒక దోసెడు వదలండి. వదిలాక వెంటనే వెనక్కి తిరిగిపోకండి. ఆవిడ ఆ పీట దగ్గర ఆగినట్టు, ఒక్క క్షణం అక్కడే ఆగండి.