గైడులో ‘ప్రశాంతత’ అని ఉంది

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ తెరిచిన ఏడాది. విజయవాడ పటమటలో ఒక ఇంటర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. కింద క్లాసులు, పైన ఆడపిల్లల హాస్టలు. ఇంగ్లీషంటే అక్కడ అందరికీ అలుసే. లెక్కల సిలబస్ వెనకబడితే మా పీరియడ్ మీద పడతారు. మిగిలిన కాస్త టైములో పోయెం ఒకసారి చదివేసి, గైడులో జవాబు బట్టీ పట్టించాలి.

పోయెంలో మాట్లాడే మనిషిని స్పీకర్ అంటాం. ఆ మనిషి ఏ మనసుతో మాట్లాడుతోందో అది టోన్. రెండూ గొంతు విని పట్టుకోవాల్సినవి. మా గైడు రెంటికీ ఒక్కో మాట రాసేసి చేతులు దులుపుకుంది.

ఆ రోజు పోయెంలో స్పీకర్ ఒక ఒంటరి స్త్రీ. అడిగి తెచ్చుకున్న గొడుగు పక్కింటివాళ్ళకి తిరిగిచ్చేస్తుంది. పూలకుండీలు పంచిపెడుతుంది. కప్పు కడిగి బోర్లిస్తుంది. బాగానే ఉన్నానంటుంది. టోన్ ప్రశాంతత అని పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పజెప్పారు. బందరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న షాహీన్ మాత్రం నోరు విప్పలేదు. ఏమైందని అడిగాను.

“ఆవిడ ప్రశాంతంగా లేదు మేడమ్. అన్నీ ఇచ్చేసి వెళ్ళిపోతోందండి.”

నీకెలా తెలుసన్నాను. ఆ పిల్ల బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

“మా రూమ్‌లో ప్రసన్న నిన్నట్నుంచి ఇలాగే ఉందండి.”

ప్రసన్న ఉయ్యూరు దగ్గర చెరుకు రైతు కూతురు. మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌లో పడేసినప్పటి నుంచి రోజూ ఏడుస్తూనే ఉండేది. నిన్న ఏడుపు ఆపేసిందట. స్వెట్టరు ఒకరికి, గాజులు ఒకరికి, ఇంటి నుంచి వచ్చిన సున్నుండల డబ్బా అందరికీ ఇచ్చేసిందట. పిల్ల దారిలో పడిందని వార్డెన్ సంబరపడింది. ఇవాళ తలనొప్పని చెప్పి రూమ్‌లోనే ఉండిపోయింది.

క్లాసు అలాగే వదిలేసి షాహీన్‌తో మెట్లెక్కాను. తట్టగా తట్టగా ప్రసన్న తలుపు తీసింది. తల నున్నగా దువ్వుకుని ఉంది. బాగానే ఉన్నాను మేడమ్ అంది. పోయెంలో విన్న గొంతే అది. ఇక డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను.

“చచ్చిపోదామనుకుంటున్నావా అమ్మా?”

అవునని తలూపింది. వాళ్ళ నాన్న వచ్చేదాకా నేనూ షాహీనూ ఆ పిల్ల పక్కనుంచి కదల్లేదు. ఆయన పొలం నుంచి ఆ బట్టలతోనే వచ్చారు. మానసిక వైద్యుడికి చూపించమని చెబితే, కూతురి చెయ్యి వదలకుండా సరేనన్నారు.

ప్రసన్న మళ్ళీ కాలేజీకి రాలేదు. వారం తిరక్కుండా ఆ మంచం ఇంకో పిల్లకిచ్చారు. విషయం బయటికి పొక్కకూడదని, ఇంకెప్పుడూ క్లాసు మధ్యలో వదిలి వెళ్ళొద్దని ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి చెప్పారు. ఆ పిల్ల ఎలా ఉందని మాత్రం అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నా, టోన్ అనేది ఒక మనిషి ప్రాణానికి సంబంధించిందని నాకు తెలిసింది ఆ రోజే. ఎవరైనా బాగానే ఉన్నానంటే ఇప్పుడు ఇంకో ప్రశ్న వేయకుండా వదలను.

హాఫ్ ఇయర్లీ పరీక్షలో అదే పోయెం వచ్చింది. టోన్ ఏమిటన్న చోట షాహీన్ తన వచ్చీరాని ఇంగ్లీషులో, ఎవరైనా తలుపు తడతారేమోనని ఆఖరిసారి చూస్తున్న గొంతు అని రాసింది. పూర్తి మార్కులు వేశాను. కీలో లేని జవాబుకి మార్కులెందుకు వేశారని ప్రిన్సిపాల్ గారు నిలదీశారు.

“ప్రసన్న బతికుందండీ,” అన్నాను.