బొమ్మకు కాళ్ళు

ఆదివారం ఉదయం పదిన్నరకు మా బాపు కంప్యూటర్ ముందు కూర్చొని, ఈ బొమ్మకు మోకాళ్ళు లేవన్నాడు.

నల్లగొండలో గడియార స్తంభం దగ్గర ఒక ఎస్టీడీ బూత్ ఉండేది. తొంభయ్యవ దశకం చివర్లో దాని యజమాని లోపల చెక్క అడ్డం కట్టి, పరదా వేసి, రెండు కంప్యూటర్లు పెట్టి, ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు రాయించాడు. అప్పుడు మా పాపకు ఎనిమిదేళ్ళు. కేబుల్ టీవీలో రోబోల కార్టూన్ ఒకటి వదలకుండా చూసేది. ఆ కార్టూన్ వాళ్ళే పిల్లల కోసం ఇంటర్నెట్‌లో ఒక ఆట పెట్టారు. తెర మీద ఖాళీ షెడ్డు కనిపిస్తుంది. కింద వరసగా తలలు, చేతులు, కాళ్ళు ఉంటాయి. ఒక్కొక్కటి లాగి అతికిస్తే రోబో తయారవుతుంది. చివర ఆకుపచ్చ బటన్ నొక్కితే అది చెయ్యి ఊపి, తెర దాటి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఖాళీ షెడ్డు. పక్క కంప్యూటర్లో ఎవరో పిల్లలు చేసిన బొమ్మ అలా వెళ్ళిపోవడం పాప చూసింది.

బాపు మా నాన్న. నందికొండలో డ్యాం గేట్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారాలు మనవరాలిని ఆ సెంటరుకు తీసుకెళ్ళేవాడు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. తల పెట్టారు, చేతులు పెట్టారు. కాళ్ళు మాత్రం ఆయనకు నచ్చలేదు.

“తాతా, ఏదో ఒకటి పెట్టు,” అంది పాప.

“మోకాలు లేకుంటె కూసునుడెట్ల? జిందగంత నిలబడే ఉంటదా?”

“అది రోబో. దానికి కూసునే పని లేదు.”

“నీకు తెల్వదు పో. నిలబడి నిలబడి నా మోకాళ్లు పోయినయ్. దానికి లేనే లేవాయె.”

అంతలో ఇంటర్నెట్ వచ్చే ఫోన్ లైన్ తెగిపోయింది. బొమ్మ కాళ్ళు లేకుండా తెర మీద ఉండిపోయింది. బాపు లేస్తూ యజమానితో, “బేటా, దీన్ని బంద్ చేయకు. మల్లొస్త,” అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు. లేవలేదు.

మూడోనాడు, బాపును పూడ్చిన బొందలగడ్డలో పిట్టకు పెట్టాము. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని, అదేమిటో ఊహించి, తీరుస్తామని ఒక్కొక్కరు పైకే మాట ఇస్తారు.

కాకులు తుమ్మచెట్టు మీద ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

“అన్నా, వదినెను మంచిగ చూసుకుంటం. వచ్చి తిను,” అన్నాడు చిన్నాయిన.

“బావా, ఊర్ల జాగ అమ్మనియ్యం,” అన్నాడు మేనమామ.

“ఉప్పు తక్కువైతె ముద్ద ముట్టకుండ కూసునేటోడు మా అన్న. జర ఆగుండ్రి,” అంది మేనత్త. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఎండ ఎక్కింది. అప్పుడు పాప నాలుగడుగులు ముందుకు వేసి, “తాతా, బొమ్మకు కాళ్లు నేను పెడత,” అంది.

ఒక కాకి దిగి అన్నం ముట్టింది.

అప్పటికి వాటికి ఆకలి వేసి ఉంటుందని నేను అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ అక్కడున్న వాళ్ళందరూ పాప వైపు తిరిగి చూశారు. ఆ చూపులు పాప చూసింది.

ఇంటికి వచ్చాక సెంటరుకు రానంది. ఎందుకని అడిగితే, “కాళ్లు పెడితె తాత పోతడు,” అంది. మా అమ్మకు భయం ఇంకోవైపు. మాట తప్పితే ఆయన గడప దగ్గరే ఆగిపోతాడని. పగలంతా వీధి తలుపు తీసే ఉంచేది. నేను వేయబోతే, “ఉండనియ్. నిలబడ్డడు,” అనేది, బయట కూరగాయల మనిషి వచ్చాడని చెప్పినంత మామూలుగా. పాప వెళ్ళి ఆ గడప పక్కన ఒక పీట వేసింది. తాత కూర్చోవడానికట. అటు ఇటు పోయేటప్పుడు ఆ పీటకు తగలకుండా నడిచేది. కొంచెం సేపటికి నేను కూడా అలాగే నడుస్తున్నానని గమనించాను.

ఆదివారం ముగ్గురం వెళ్ళాము. అమ్మే పాప చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది.

బాపు పోయిన సంగతి యజమానికి తెలుసు. మమ్మల్ని చూసి పరదా పక్కకు జరిపాడు. “చాచా బంద్ చేయకు అన్నడు. నేను చేయలె. కరెంట్ పోయినా బ్యాటరీ మీద పెట్టిన,” అన్నాడు.

బొమ్మ అలాగే ఉంది. ఆ ఆటలో మౌస్ బాణం ఎటు పోతే బొమ్మ కళ్ళు అటు తిరుగుతాయి. బాపు లేచేటప్పుడు బాణం తెర ఎడమ అంచున ఉండిపోయింది. తలుపు అటువైపే. వారం రోజులుగా అది రెప్పలాడిస్తూ తలుపు వైపే చూస్తోంది.

యజమాని లైన్ కలిపాడు. పాప కుర్చీలో కూర్చుంది గానీ మౌస్ ముట్టలేదు.

“మాట ఇచ్చినవు బిడ్డా,” అంది అమ్మ.

“పెడితె పోతడు నాయినమ్మా.”

“పోవాలె. ఎన్నొద్దులని నిలబడ్తడు?”

పాప తెర కింద వరసలో ఉన్న కాళ్ళను ఒక్కొక్కటే చూసింది. తర్వాత, “తాతకు ఏ కాళ్లూ నచ్చలె,” అంది.

అమ్మ వంగి తెరను దగ్గరగా చూసింది. “గా చక్రాలు పెట్టు. ఆయినకు మోకాళ్ల నొప్పులు. నడిచే బాధ ఉండది.”

పాప చక్రాలు పెట్టింది. బటన్ దాకా వచ్చి చెయ్యి తీసేసింది. అమ్మ ఆ చేతిని మళ్ళీ మౌస్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి నొక్కింది.

బొమ్మ చెయ్యి ఊపింది. ఎడమవైపుకు దొర్లింది. తలుపు దగ్గర నిలబడ్డ యజమాని పక్కకు జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికీ తెలియదనుకుంటాను.

ఖాళీ షెడ్డు వచ్చింది.

“పోయిండా?” అంది పాప.

“పోయిండు,” అంది అమ్మ.

పాప ఏడవలేదు. ఇంటికి రాగానే పీట తీసి లోపల పెట్టింది. అమ్మ తలుపు వేసింది. ఆ తర్వాత చాలా కాలం పాప తాత మాట ఎత్తలేదు. పెద్దయ్యాక ఒకసారి, అన్నం తింటూ, తల ఎత్తకుండా, “తాతను నేనే పంపిన గద,” అంది. నేను కాదన్నాను. నమ్మినట్టు లేదు.

అమ్మ పోయినప్పుడు కూడా పిట్టకు పెట్టాము. కాకి దిగకపోతే ఆ అన్నం ఆవుకు పెట్టి రావాలని ముందే అనుకున్నాము. ఎవరూ నోరు తెరవలేదు. మా ఇంట్లో ఇప్పుడు పోయినవాళ్ళకు మాట ఇవ్వడం లేదు.